విండ్జానా, టన్నెల్ క్రీక్ వెళ్ళొచ్చినవాళ్ళున్నారా? మొసళ్ళున్న నీళ్ళల్లో నడవడం గురించి

కొత్తబాటసారి:

అందరికీ నమస్తే. జులైలో మేం ఐదుగురం స్నేహితులం వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతానికి వెళ్దామని టికెట్లు కొనేశాం. పెర్త్ నుంచి బ్రూమ్‌కి విమానం, అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ అద్దెకి. చేతిలో ఐదు రోజులున్నాయి. డెర్బీ మీదుగా విండ్జానా గార్జ్ (గార్జ్ అంటే కొండల మధ్య ఇరుకు లోయ), టన్నెల్ క్రీక్, బెల్ గార్జ్, మానింగ్ గార్జ్, చివర్లో గైకీ గార్జ్ కూడా చూసి తిరిగి బ్రూమ్ చేరాలని ప్లాన్.

రెండు సందేహాలున్నాయి. టన్నెల్ క్రీక్‌లో చీకటి గుహలో, నీళ్ళల్లో దిగి నడవాలట కదా. ఆ నీళ్ళల్లోనే మొసళ్ళుంటాయట. ఫోటోలు చూసిన దగ్గర్నుంచి మావాడొకడు "నేను బయట కూర్చుంటా, మీరు వెళ్ళిరండి" అంటున్నాడు. వాడికి ఈత కూడా రాదు. నేనిప్పటిదాకా చూసిన గుహ బొర్రా ఒక్కటే. అక్కడ మెట్లుంటాయి, రెయిలింగులుంటాయి, లైట్లుంటాయి. ఇక్కడ అవేవీ లేవంటున్నారు. నిజంగా ప్రమాదమా, లేక మేం అనవసరంగా భయపడుతున్నామా? రెండోది, ఐదు రోజులు సరిపోతాయా? వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.


ఎర్రమట్టిదారి:

ముందు మీ స్నేహితుడి సంగతి. మా గుంపులో బయట కూర్చుంటానన్న మనిషిని నేనే కాబట్టి అతని భయం నాకు తెలుసు.

మూడేళ్ళ కిందట జూన్ నెలాఖర్లో నలుగురం వెళ్ళాం. నేను, నాతోపాటు పనిచేసే ఒకమ్మాయి, వాళ్ళన్నయ్య, ఆయన స్నేహితుడు. ఆ అమ్మాయి నర్సు. పాముకాటుకి చుట్టే ప్రెషర్ బ్యాండేజీలు మూడు తెచ్చి, మా ముగ్గురిచేతా క్యాంపులో కాలికి చుట్టించి ప్రాక్టీసు చేయించింది. మీరూ ఆ పని చేయండి. దగ్గర్లో ఆసుపత్రి ఉండదు.

మొసళ్ళు అక్కడ రెండు రకాలు. మంచినీటి మొసలిని అందరూ ఫ్రెషీ అంటారు, ఉప్పునీటి మొసలిని సాల్టీ. ఫ్రెషీ మూతి సన్నగా, పొడుగ్గా పట్టకారులా ఉంటుంది. చేపలు, కప్పలు, పురుగులు దాని తిండి. బాగా ఎదిగిన మగది మహా అయితే 3 మీటర్లు, చాలావరకు అంతకన్నా చిన్నవే. సాల్టీ మూతి వెడల్పు, 6 మీటర్ల దాకా పెరుగుతుంది, మనిషిని వేటాడేది అది. విండ్జానాలో ఇసుకమీద బారులు తీరి కనబడేవి ఫ్రెషీలు. వాటికి మనం తిండి కాదు. అలాగని పెంపుడు కుక్కలూ కావు. పొరపాటున తొక్కినా, నీళ్ళలోకి వెళ్ళే దారికి అడ్డం నిలబడినా, ఫోటోకని మూతి దగ్గరికి వెళ్ళినా కరుస్తాయి. పార్కు బోర్డులు ఏం చెప్తే అది చేయండి. ఒడ్డున కూర్చోవాలనుకున్నా ముందు చుట్టూ చూసుకుని కూర్చోండి.

అందుకే ముందు విండ్జానా, తర్వాత టన్నెల్ క్రీక్ పెట్టుకోమంటాను. నా భయం తగ్గింది విండ్జానాలోనే. ధైర్యం చెప్పినవాళ్ళ వల్ల తగ్గలేదు, చూస్తూ కూర్చోవడం వల్ల తగ్గింది.

క్యాంపు నుంచి కొంచెం నడిస్తే కొండగోడలో ఒక చీలిక వస్తుంది. తలొంచుకుని అందులోంచి అవతలికి అడుగు పెడితే ఒక్కసారిగా లోయ తెరుచుకుంటుంది. లెనార్డ్ నది నేపియర్ కొండల్ని కోసుకుంటూ చేసిన దారి అది. పొడవు 3.5 కిలోమీటర్లు, గోడలు కొన్నిచోట్ల 100 మీటర్ల ఎత్తు. ఆ గోడలు ఒకప్పుడు సముద్రంలో ఉన్న రీఫ్, అంటే సముద్రజీవుల వల్ల ఏర్పడ్డ రాతిగట్టు. 35 కోట్ల ఏళ్ళ పైమాటే. దగ్గరికెళ్ళి చూస్తే రాతిలో నత్తగుల్లల చుట్టలు కనిపిస్తాయి. ఇదే రీఫ్ చుట్టుపక్కల, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ దగ్గర గోగో అనే చోట, కడుపులో పిల్లతో, బొడ్డుతాడుతో సహా రాయిగా మారిన తల్లి చేప దొరికింది. 38 కోట్ల ఏళ్ళ నాటిదని 2008లో ప్రకటించారు. ఆ సంగతి అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి ఆ గోడమీద చెయ్యి పెట్టినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

వానల్లేని కాలంలో, అంటే అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా, నది పారదు. అక్కడక్కడా మడుగులుగా మిగులుతుంది. మొసళ్ళన్నీ వాటి చుట్టూ చేరతాయి. మొదటి ఇసుకమేట దగ్గర పదిహేడు లెక్కపెట్టాను. ఒకటి మాకు ఎనిమిది పది మీటర్ల దూరంలో నోరు తెరుచుకుని పడుకుంది. కోపంగా ఉందేమోననుకున్నా. ఒంటి వేడి తగ్గించుకోవడానికట. దవడ కింద చర్మం సన్నగా అదురుతోంది. వీపుమీద బురద ఎండి పాత గోడమీది సున్నంలా పెచ్చులు లేచింది. కన్ను మాత్రం తేనెరంగు, మధ్యలో నిలువు గీత. అరగంట అలాగే కూర్చున్నాం. ఆ అరగంటలో అది కదిలింది ఒక్కసారే. వాళ్ళన్నయ్య లేచి ప్యాంటు దులుపుకున్నాడు, ఆ చప్పుడుకి అది సర్రున నీళ్ళలోకి జారిపోయింది. అది మాకన్నా ఎక్కువ భయపడిందని అప్పుడర్థమైంది.

సాయంత్రం తప్పకుండా అక్కడే ఉండండి. పొద్దు వాలాక కొరెల్లాలనే తెల్ల చిలకజాతి పక్షులు వందలకొద్దీ వచ్చి చెట్లమీద వాలతాయి, పెళ్ళివారిల్లులా గోల. కాస్త చీకటి పడుతుండగా పెద్ద గబ్బిలాలు, అవే ఫ్లయింగ్ ఫాక్సులు, లేస్తాయి. దాహం తీర్చుకోవడానికి మడుగుమీద వాలినట్టే వాలి, పొట్ట తడుపుకుని పైకి లేస్తాయి. తర్వాత చెట్టుమీద ఆ తడి నాక్కుంటాయి. కింద మొసళ్ళు వాటికోసమే కాచుకుని ఉంటాయి. ఫట్‌మని నోరు మూసుకున్న చప్పుడు రెండుసార్లు విన్నాం. ఏదైనా దొరికిందో లేదో చీకట్లో తెలియలేదు. అప్పటికే మేం దూరంగా, ఎత్తుమీద ఉన్నాం. మీరూ అలాగే ఉండండి.

మర్నాడు టన్నెల్ క్రీక్. విండ్జానా నుంచి 35 కిలోమీటర్లు. వాగు కొండ కిందనుంచి 750 మీటర్లు తొలుచుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది. మొదట్లో గుహ కనబడదు, పెద్దపెద్ద బండలు అడ్డం పడి ఉంటాయి. ఎంతమంది చేతులు పట్టుకుని ఎక్కారో గానీ కొన్నిచోట్ల అద్దంలా నున్నగా అయిపోయాయి. వాటి సందుల్లోంచి దిగితే చల్లటి ఇసుక, ఆ తర్వాత చీకటి.

నీళ్ళు మొదట చీలమండల దాకా, తర్వాత మోకాళ్ళ దాకా. ఒకచోట నా తొడల దాకా వచ్చాయి. బయట 30 డిగ్రీలున్నా అవి ఐస్‌లా ఉన్నాయి. నేను ముందున్న అమ్మాయి బ్యాగు పట్టీ పట్టుకుని నడిచాను. వాళ్ళన్నయ్య ఒక మాట చెప్పాడు, అది ఎంతో పనికొచ్చింది: అడుగు ఎత్తి వేయొద్దు, నేలకి రాస్తూ వెయ్యి. కింద రాయుంటే తగులుతుంది, ఏదైనా జీవముంటే తప్పుకుంటుంది.

సగం దూరం వెళ్ళేలోపే నీళ్ళమీద రెండు నిప్పురవ్వల్లా మెరిశాయి. మొసలి కళ్ళు. టార్చి వెలుగు పడితే అలా ఎర్రగా మెరుస్తాయి. మా నలుగురికీ మాట పడిపోయింది. అప్పుడు చేయాల్సింది ఒకటే, ఆగడం. టార్చి దాని కళ్ళలోకి కొట్టకుండా పక్కకి తిప్పి, గోడ వారగా జరిగి, దానికి దారి వదిలాం. నిమిషమో రెండు నిమిషాలో. ఆ రెండు చుక్కలూ మెల్లగా అవతలి ఒడ్డుకి జరిగి ఆరిపోయాయి.

మధ్యలో ఒకచోట గుహ కప్పు ఎప్పుడో కూలిపోయింది. ఆకాశం కనబడుతుంది. పైనుంచి మర్రి జాతి చెట్ల వేళ్ళు తాళ్ళలా దిగి ఉంటాయి. మీ స్నేహితుణ్ణి అక్కడిదాకా రమ్మనండి, వెలుగుంటుంది, కూర్చోవచ్చు. అక్కణ్ణుంచి ముందుకి రానంటే బలవంతం చేయకండి, ఒకరు తోడుండండి. అసలు బయటే ఉంటానన్నా తప్పేం లేదు. భయపడే మనిషిని నలుగురూ కలిసి లాక్కెళితే కంగారులో నీళ్ళు తన్నడం, జారిపడడం జరుగుతాయి. అక్కడ దెబ్బలు తగిలేది ఎక్కువగా బండలమీద జారి.

ఇంకొక్క మాట, ఇది నాకు ముఖ్యం. ఆ చోటు అక్కడి ఆదివాసులైన బునుబా వాళ్ళది. విండ్జానాకి వాళ్ళ పేరు బాండిల్‌ంగన్, టన్నెల్ క్రీక్‌కి డిమలురు. పార్కుల పేర్లలో ఇప్పుడు అవే ముందుంటాయి. జందమర్ర అనే బునుబా యువకుడు మొదట పోలీసుల దగ్గర జాడలు తీసే పనిచేసేవాడు. 1894లో లిల్లిములూరా ఠాణాలో ఒక కానిస్టేబుల్‌ని కాల్చి, గొలుసులతో కట్టేసి ఉంచిన తనవాళ్ళని విడిపించాడు. ఆ నవంబరులో విండ్జానాలోనే పెద్ద కాల్పులు జరిగాయి. గాయపడి తప్పించుకుని టన్నెల్ క్రీక్‌లో దాక్కుని రెండేళ్ళపైన పోరాడాడు. 1897 ఏప్రిల్ 1న ఆ గుహ దగ్గరే చంపేశారు. చదువుతుంటే నాకు మన్యంలో అల్లూరి గుర్తొచ్చాడు. ఆ ఠాణా మొండిగోడలు రెండు పార్కుల మధ్య దారిలోనే ఉంటాయి, ఆగి చూడండి. బునుబా వాళ్ళే నడిపే టూర్లున్నాయి. భయం ఉన్నవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి టన్నెల్ క్రీక్‌కి అలాంటి టూరే తీసుకోండి. గుహ అవతలి చివర రాతిమీద బొమ్మలుంటాయి, వాటిని ముట్టుకోవద్దు.

ఐదు రోజుల్లో ఐదు గార్జ్‌లంటే రోజంతా కారులోనే ఉంటారు. మానింగ్, బెల్ ఈసారికి వదిలేయండి. విండ్జానాలో రెండు రాత్రులుండండి.


సెకండ్‌స్పేర్:

అక్క గార్జ్‌ల సంగతి చెప్పారు, నేను బండి సంగతి చెప్తా.

అద్దె కాగితం మొత్తం చదవండి. గిబ్ రివర్ రోడ్డు మీద, ఫెయిర్‌ఫీల్డ్ లియోపోల్డ్ డౌన్స్ రోడ్డు మీద తిప్పొచ్చని రాసి ఉందా లేదా చూసుకోండి. లేకపోతే ఇన్సూరెన్స్ వర్తించదు. రెండో స్పేర్ టైరు అడగండి. అక్కడికక్కడే కిందకి దింపించి గాలి చూడండి. నేను చూడలేదు. విండ్జానా దాటాక టైరు కోసుకుపోయింది. స్పేర్ తీస్తే అందులో గాలి లేదు. నాలుగు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాం. దారిన వెళ్తున్న ఒక ముసలి దంపతులు కంప్రెసర్ ఇచ్చారు, టీ కూడా ఇచ్చారు. వాళ్ళు రాకపోతే రాత్రంతా అక్కడే.

డెర్బీ నుంచి విండ్జానా 145 కిలోమీటర్లు. గిబ్‌లో మొదటి భాగం చాలావరకు తారు, మలుపు తిరిగాక చివరి 20 కిలోమీటర్లూ మట్టి, గులకరాళ్ళు. రోడ్డు సిమెంటు రేకు పరిచినట్టు అలలు అలలుగా ఉంటుంది. మట్టి మొదలయ్యేచోట ఆగి టైర్లలో గాలి తగ్గించుకోండి, వేగమూ తగ్గించండి. రెండు పార్కుల్లోనూ పెట్రోలు, డీజిల్ దొరకవు, ట్యాంకు డెర్బీలోనే నింపుకోండి. ఫోన్ సిగ్నల్ ఉండదు. పీఎల్‌బీ, అంటే ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే చిన్న పరికరం, ఒకటి కొనండి లేదా అద్దెకి తీసుకోండి. నీళ్ళు మనిషికి రోజుకి 5 లీటర్లు తక్కువ కాకుండా, పైన రెండు రోజులకి సరిపడా అదనంగా. చీకటిపడ్డాక బండి తీయొద్దు. ఆ రోడ్లకి కంచెలుండవు. ఆవులు, కంగారూలు లైటు చూసి ఎదురొస్తాయి.

బయల్దేరే ముందురోజు మెయిన్ రోడ్స్, అంటే అక్కడి ప్రభుత్వ రోడ్ల శాఖ, వాళ్ళ సైటులో రోడ్డు, పార్కుల సైటులో పార్కు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. 2023 జనవరి వరదకి ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్‌లో పెద్ద వంతెనే కొట్టుకుపోయింది. కొత్తది ఆ డిసెంబరులోనే కట్టేశారు గానీ, ఆ ప్రాంతంలో నీళ్ళు తలుచుకుంటే ఏం చేస్తాయో దాన్ని బట్టి అర్థం చేసుకోండి.


రాత్రిరెక్కలు:

గబ్బిలాల గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు, అందుకని రాస్తున్నాను. వాటికోసమే నేను రెండుసార్లు టన్నెల్ క్రీక్ వెళ్ళాను.

ఆ గుహలో కనీసం ఐదు రకాలుంటాయి. అందులో ఘోస్ట్ బ్యాట్‌ని చూడగలిగితే అదృష్టం. లేత బూడిదరంగు ఒళ్ళు, రెక్కలు దాదాపు తెలుపు, పొడుగాటి చెవులు నడినెత్తిన కలిసిపోయి ఉంటాయి. రెక్కలు చాపితే 60 సెంటీమీటర్ల దాకా. పండ్లు తినేది కాదు. కప్పల్ని, బల్లుల్ని, ఎలుకల్ని, చిన్న పిట్టల్ని, తోటి గబ్బిలాల్ని కూడా పట్టి తింటుంది. నేను చూసినప్పుడు కప్పులోని ఒక గూట్లో తలకిందులుగా వేలాడుతూ చెవుల్ని ఒకదాని తర్వాత ఒకటి మా వైపు తిప్పింది. మా మాటలు వినబడుతున్నాయి దానికి. వెంటనే మాటలు ఆపేశాం.

ఇవి అంతరించే ముప్పున్న జాబితాలో ఉన్నాయి. పగలు విశ్రాంతి చెడగొడితే ఆ చోటే వదిలేసి పోతాయి. కాబట్టి హెడ్ టార్చి నేలకేసి ఉంచండి. పైకి చూడాలంటే ఎర్ర లైటు వాడండి, కొద్దిసేపే. ఫ్లాష్ వద్దు, అరుపులు వద్దు. ఐదుగురూ ఒకేసారి పైకి వెలుగు కొట్టొద్దు.

కింద పడిన గబ్బిలాన్ని చూసి జాలేసినా చేత్తో తీయకండి. ఆస్ట్రేలియా గబ్బిలాల్లో లిస్సావైరస్ ఉండొచ్చు, అది రేబిస్‌కి దగ్గరి చుట్టం. గీరినా, కరిచినా సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. గాయం చిన్నదే కదా అని ఊరుకోవద్దు.

ఫ్రెషీల గురించి ఒక బాధ కూడా చెప్పాలి. కేన్ టోడ్ అనే విషపు కప్పని 1935లో చెరకు పంటని తినే పురుగుల కోసమని క్వీన్స్‌లాండ్‌కి తెచ్చారు. అది పాకుతూ పాకుతూ 2009లో వెస్టర్న్ ఆస్ట్రేలియాలోకి వచ్చింది. దాన్ని మింగిన ఫ్రెషీలు చచ్చిపోతున్నాయి. మడుగులు కుంచించుకుపోయి తిండి దొరకని నెలల్లో మరీ ఎక్కువ. బునుబా రేంజర్లు, శాస్త్రవేత్తలు, పార్కు వాళ్ళు కలిసి డాంగు దగ్గర, అంటే మీ లిస్టులోని గైకీ గార్జ్ దగ్గర, ఒక పని చేశారు. చచ్చిన టోడ్‌ల నుంచి విషపు భాగం తీసేసి, వాంతి వచ్చినట్టయ్యే మందు పెట్టి, నది ఒడ్డున మొసళ్ళకి అందేలా కట్టారు. తిన్నది చావదు గానీ కడుపు తిప్పుతుంది. ఇంకోసారి ఆ కప్ప జోలికి పోదు. చావులు బాగా తగ్గాయని 2024లో ప్రచురించారు. మీరు చూసే మొసళ్ళలో ఆ పాఠం నేర్చుకున్నవి కూడా ఉండొచ్చు. నాకైతే ఆ ఆలోచనే ఎంతో బాగుంటుంది.


కొత్తబాటసారి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు ముగ్గురికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అందరం కూర్చుని చదివాం. మానింగ్, బెల్ తీసేశాం. విండ్జానాలో రెండు రాత్రులు, తర్వాత ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్‌లో ఒక రాత్రి, గైకీలో పడవ, తిరిగి బ్రూమ్. టన్నెల్ క్రీక్‌కి బునుబా వాళ్ళ టూరు కోసం మెయిల్ పెట్టాను. మావాడు మధ్యలో వెలుగున్నచోటు దాకా వస్తానన్నాడు, అక్కణ్ణుంచి అప్పుడు చూద్దామన్నాడు.

ఎర్రమట్టిదారి అక్కా, రెండు చిన్న ప్రశ్నలు. ఈత రానివాడికి ఆ లోతు ఇబ్బందా? కాళ్ళకి ఏం వేసుకోవాలి? నీళ్ళని చెప్పి మేం శాండిల్స్ కొందామనుకుంటున్నాం.


ఎర్రమట్టిదారి:

లోతు ఏడాదికో రకంగా ఉంటుంది, వానలు ఎలా కురిశాయో దాన్ని బట్టి. మేం వెళ్ళినప్పుడు ఈత కొట్టాల్సిన అవసరం ఎక్కడా రాలేదు. ముందురోజు క్యాంపులో అప్పుడే వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరో ఒకరుంటారు, వాళ్ళనడగండి. నడుము దాటిందని చెప్తే అతను ఆగిపోవడమే మంచిది. టూరులో వెళ్తే గైడుకి ఈత రాదన్న సంగతి ముందే చెప్పండి. లోతు ఎక్కడ తక్కువో ఆయనకి తెలుస్తుంది, ఏ గోడ వారగా నడవాలో చూపిస్తాడు.

శాండిల్స్ వద్దు. మా నలుగురిలో ఒకాయన అవే వేసుకొచ్చాడు. బండల దగ్గర బొటనవేలు గోరు ఊడింది, గుహలో ప్రతి పది అడుగులకీ ఆగి లోపల ఇరుక్కున్న రాళ్ళు తీసుకున్నాడు. తడిసినా పర్వాలేదనుకునే పాత స్పోర్ట్స్ షూ వేసుకోండి, అరికాలు అరిగిపోయినవి కాకుండా. మందం సాక్సులు. లేసులు రెండు ముళ్ళు వేసి కట్టుకోండి. మనిషికో టార్చి, గుంపుకి రెండు అదనంగా. ఫోన్ టార్చిని నమ్ముకోవద్దు, మాతో వచ్చిన ఆ నర్సమ్మాయి ఫోను ఆ తొడల లోతు నీళ్ళలోనే పోయింది. ఒక పొడి టీషర్టు ప్లాస్టిక్ కవర్లో కట్టి బ్యాగులో పెట్టుకోండి. బయటికొచ్చాక ఎండ ఉన్నా కాసేపు వణుకుతారు.